గేమ్ బాయ్ చిప్ మీద తప్పెట నడకలో పాట కట్టడం ఎలా

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగాయి. కరెంటు పోయింది. ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇంట్లో మోగగలిగిన వస్తువు ఒక్కటే మిగిలింది, నాలుగు పెన్సిల్ సెల్లతో నడిచే పాత గేమ్ బాయ్, చేతిలో పట్టుకుని ఆడుకునే ఆటల యంత్రం. పగలంతా కూలిన చెట్లు నరికి దారి చేసుకునేవాళ్ళం. రాత్రి కిరసనాయిలు దీపం దగ్గరికి జరిగి, వెలుగు లేని ఆ చిన్న తెర మీద పాట కట్టేవాణ్ణి. నేను మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి పాట అదే.

అప్పటినుంచి ఇప్పటిదాకా నాకు పట్టుబడిన పద్ధతి ఇక్కడ వరసగా చెబుతాను. మీరు గేమ్ బాయ్ కొనక్కర్లేదు. మామూలు కంప్యూటరు, ఒక జత ఇయర్‌ఫోన్లు చాలు. మనం కట్టబోయేది నిమిషం పాట: మోహన రాగం, తిశ్ర నడక (మూడేసి అక్షరాల తాళం), వెనక తప్పెట. సంగీతం నేర్చుకోకపోయినా ఫరవాలేదు, చేత్తో తాళం వేయగలిగితే సరిపోతుంది.

ముందు చిప్‌ని తెలుసుకోండి

1989లో నింటెండో విడుదల చేసిన గేమ్ బాయ్‌లో పాట కోసం వేరే చిప్ లేదు. ప్రధాన చిప్‌లోనే ఒక మూల శబ్దం పుట్టించే భాగం ఉంది. దానికి నాలుగు చానెళ్ళు. ఒక్కో చానెల్ ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది.

మొదటి రెండూ పల్స్ చానెళ్ళు. అల పైకి లేచి, కాసేపు ఆగి, కింద పడి, మళ్ళీ లేస్తుంది. అల ఎంతసేపు పైన ఉంటుందన్నదాన్ని డ్యూటీ అంటారు. 12.5%, 25%, 50%, 75% అని నాలుగు రకాలు. 12.5 సన్నగా, ముక్కుతో పాడినట్టు, సన్నాయికి దగ్గరగా ఉంటుంది. 25 గట్టిగా, స్పష్టంగా వినిపిస్తుంది. 50 లోపల బోలుగా, పిల్లనగ్రోవి వైపు మొగ్గుతుంది. 75 అంటే 25నే తిరగేసినది. విడిగా వింటే చెవికి రెండూ ఒకటే. కాబట్టి నిజానికి మీ చేతిలో ఉన్నవి మూడు గొంతులే.

మూడోది వేవ్ చానెల్. ఇందులో అల ఆకారాన్ని మీరే గీయవచ్చు. అడ్డంగా 32 చుక్కలు, ఒక్కో చుక్క ఎత్తు 0 నుంచి 15 దాకా. అంతే స్థలం. నాలుగోది నాయిస్ చానెల్. దీనికి స్వరం ఉండదు, గరగర శబ్దమే. వాన, చప్పట్లు, డప్పు, గజ్జె అన్నీ ఈ గరగరలోంచే తీయాలి.

నాలుగు చానెళ్ళతో ఏమవుతుందని చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు, లేదా సినిమా పాటలో వినిపించే ముప్ఫై వాయిద్యాలనూ ఇందులోకి కుక్కబోతారు. మన వైపు జముకుల కథ చెప్పేవాళ్ళను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కథకుడు పాడుతుంటే జముకు కింద గురగురలాడుతూ ఉంటుంది. వంతవాళ్ళు అతను ఊపిరి తీసుకునే చోటే అందుకుంటారు. ముగ్గురు మనుషులు రాత్రంతా ఊరిని కూర్చోబెట్టేది ఒకరికొకరు చోటు వదలడం తెలిసినందువల్లే. గేమ్ బాయ్ పాటకు కావలసింది కూడా అదే. ఒక చానెల్ మాట్లాడేటప్పుడు ఇంకోటి తప్పుకోవాలి. ఈ పద్ధతిలో ప్రతి మెట్టూ దీనిచుట్టూనే తిరుగుతుంది.

పనిముట్లు సిద్ధం చేసుకోండి

హ్యూజ్‌ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ నడుస్తుంది. గేమ్ బాయ్ కోసమే చేసినది కాబట్టి, ఆ చిప్ చేయలేని పని ఇది మీ చేత చేయించదు. ఫర్నేస్ అనే మరో ఉచిత ట్రాకర్ ఉంది. అది పదుల కొద్దీ చిప్‌లతో పనిచేస్తుంది, కానీ మొదటిసారి తెరిస్తే కంగారు పుడుతుంది. గేమ్ బాయ్ మీదే నేరుగా పాట కట్టాలనుకునేవాళ్ళకు 1998లో ఒలివర్ విట్‌చో చేసిన నానోలూప్, 2000లో యోహాన్ కోట్లిన్‌స్కీ చేసిన లిటిల్ సౌండ్ డీజే ఉన్నాయి. తుఫాను రోజుల్లో నా దగ్గర ఉన్నది ఈ రెండోదే. అయినా మొదలుపెట్టేవాళ్ళకు నేను హ్యూజ్‌ట్రాకరే చెబుతాను. పెద్ద తెర మీద నాలుగు చానెళ్ళూ పక్కపక్కన కనిపిస్తే, ఎవరు ఎవరి మీద పడుతున్నారో కళ్ళకే తెలిసిపోతుంది.

ట్రాకర్ అంటే పైనుంచి కిందికి నడిచే పట్టిక. నాలుగు చానెళ్ళకు నాలుగు నిలువు గళ్ళు, కిందికి 64 వరుసలు. ఈ 64 వరుసల కట్టను ప్యాటర్న్ అంటారు. ప్రతి గడిలో స్వరం, దాన్ని పలికే ఇన్‌స్ట్రుమెంట్, పక్కన ఒక ఎఫెక్ట్ గుర్తు రాస్తారు. అంకెలు మాత్రం పదహారు లెక్కలో ఉంటాయి: 9 తర్వాత ఏ, బి, సి అంటూ ఎఫ్ దాకా, ఎఫ్ అంటే 15. ఒక పూట వాడితే అలవాటైపోతుంది.

నడక ముందు, పాట తర్వాత

రాగంతో మొదలుపెట్టాలని చెయ్యి తహతహలాడుతుంది. ఆగండి. ముందు నడక కుదిరితే పాట దానిమీద నడుస్తుంది. పాట ముందు కట్టి తర్వాత తాళం అతికిస్తే ఎక్కడో ఒకచోట అతుకు వినిపిస్తుంది.

చేత్తో తొడ మీద తాళం వేస్తూ పైకి అనండి: తకిట తకిట తకిట తకిట. మూడేసి అక్షరాలు. మన జాతరల్లో జనం కాళ్ళు కదిలేది ఎక్కువగా ఈ మూడు మీదే. ఒక్కో అక్షరానికి రెండు వరుసలు ఇద్దాం. అంటే ఒక తకిటకు ఆరు వరుసలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 64 వరుసలు ఆరుతో సరిగ్గా భాగం కావు. అలాగే వదిలేస్తే ప్రతి ప్యాటర్న్ చివరా నాలుగు వరుసలు మిగిలి కాలు తడబడుతుంది. అందుకని 48 వరుసలకే ఆపాలి. 48 అంటే ఎనిమిది తకిటలు. ఆపడానికి డి అనే ఎఫెక్ట్ ఉంది. అది కనిపించిన వరుస కాగానే పాట తర్వాతి ప్యాటర్న్‌కి దూకుతుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, తెర మీద 47 అని ఉన్న వరుసలో దాన్ని పెట్టండి. హ్యూజ్‌ట్రాకర్‌లో ప్రతి చానెల్‌కీ వేరే ప్యాటర్న్ ఉంటుంది. అందుకే డి గుర్తును ఎప్పుడూ నాయిస్ చానెల్‌లోనే పెట్టే అలవాటు చేసుకోండి. నాయిస్ మౌనంగా ఉండే చోట కూడా, డి ఒక్కటే ఉన్న ఖాళీ ప్యాటర్న్ వేయండి. నేను ఒకసారి ఆ చానెల్‌లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టి, పాట ఎక్కడ తప్పుతోందో తెలియక రెండు రాత్రులు వెతికాను.

వేగం సంగతి. గేమ్ బాయ్ తెర సెకనుకు సుమారు 59.7 సార్లు మారుతుంది, ట్రాకర్ గడియారం దానితోనే నడుస్తుంది. ఒక్కో మార్పును టిక్ అందాం. వరుసకు ఎన్ని టిక్‌లు అన్నదే వేగం. 5 పెడితే ఆరు వరుసల తకిటకు 30 టిక్‌లు, అంటే నిమిషానికి సుమారు 119 తకిటలు. 4 పెడితే 149. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు. సుమారు 133 కావాలంటే ఒక వరుసకు 5, తర్వాతి వరుసకు 4 అని ఎఫ్ ఎఫెక్ట్‌తో మార్చుకుంటూ పోవాలి. మన పాటకు ఇప్పటికి 5 చాలు. ఒక ప్యాటర్న్ నాలుగు సెకన్లకు కొంచెం ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు నాయిస్ చానెల్‌లో మూడు ఇన్‌స్ట్రుమెంట్లు చేయండి. తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళను దగ్గరనుంచి చూసుంటే మీకు పని సులువు. గుండెల మీద కట్టుకున్న గుండ్రటి తప్పెటను అరచేతులతో కొడుతూ, కాళ్ళ గజ్జెలతో ఎగురుతూ పాడతారు. అందులో రెండు శబ్దాలు ఉన్నాయి: పైన చేతిది, కింద కాలిది.

చేతి శబ్దానికి నాయిస్‌లో 7 బిట్ అన్న మీట నొక్కండి. మామూలు నాయిస్ 32,767 మెట్ల తర్వాత గానీ తిరిగి మొదటికి రాదు, అందుకే చెవికి గరగరగా వినిపిస్తుంది. 7 బిట్‌లో 127 మెట్లకే తిరిగొస్తుంది. అంత తొందరగా తిరిగేసరికి గరగర పోయి రేకు మోత వస్తుంది. ఇక ఎన్వలప్, అంటే శబ్దం ఎంత గట్టిగా పుట్టి ఎంత తొందరగా ఆరిపోవాలన్నది. మొదలు 15, దిగడం 1 పెట్టండి. 1 అంటే సెకనులో 64వ వంతుకు ఒక మెట్టు దిగుతుంది. కాబట్టి 15 మెట్లూ దిగడానికి పావు సెకను కూడా పట్టదు. ఇది పెద్ద దెబ్బ. దీన్నే నకలు చేసి మొదలు 9 పెడితే చిన్న దెబ్బ.

గజ్జెకు 7 బిట్ తీసేయండి. మొదలు 5, దిగడం 1. స్వరం పై స్థాయిలో పెట్టండి. ఒక్క చిటికెలో ఆరిపోయే సన్నని ఇసుక చప్పుడు వస్తుంది.

పట్టికలో ఇలా వేయండి. 0వ వరుసలో పెద్ద దెబ్బ, 4లో గజ్జె, 6లో చిన్న దెబ్బ, 8లో ఇంకో చిన్న దెబ్బ, 10లో గజ్జె. 2 ఖాళీ. ఇదే 12 వరుసలనూ నాలుగుసార్లు నకలు చేస్తే 48 నిండుతాయి. మోగించి లేచి నిలబడండి. కాలు దానంతట అది కదలాలి. కదలకపోతే 8లో దెబ్బ తీసి చూడండి, లేదా 2లో గజ్జె వేసి చూడండి. ఈ మెట్టులో ఎంత సమయం గడిపినా నష్టం లేదు. నేను మొత్తం పాటకు పట్టే సమయంలో మూడోవంతు ఇక్కడే ఖర్చు పెడతాను.

పల్లవి

మొదటి పల్స్ చానెల్‌కి రండి. డ్యూటీ 25%. ఎన్వలప్ మొదలు 12, దిగడం 3. అంటే అర సెకనుకు పైగా మోగి ఆరిపోతుంది, తీగ మీటినట్టు.

సి-5ను, అంటే ఐదో స్థాయిలోని సి స్వరాన్ని, షడ్జమంగా (స) పెట్టుకుందాం. ఆ స్వరం ఇందులో సుమారు 261 హెర్ట్జ్‌లో మోగుతుంది. మోహనంలో ఐదే స్వరాలు: స అంటే సి, రి అంటే డి, గ అంటే ఇ, ప అంటే జి, ధ అంటే ఏ. మధ్యమం లేదు, నిషాదం లేదు. కొత్తవాళ్ళకు నేను మోహనమే ఎందుకు చెబుతానంటే, ఇందులో ఒకదానిమీద ఒకటి పడినా కొట్టుకునే స్వరాలు తక్కువ. తర్వాత ప్రతిధ్వని వేసేటప్పుడు ఇది అక్కరకు వస్తుంది.

ఈ వరసను ముందు నోటితో పాడండి:

గ , ప | ధ ప గ | రి గ రి | స , ,
స రి గ | ప , ధ | స , ధ | ప , ,

రెండో వరసలో మూడో గుంపులోని స పై స్థాయిది, అంటే సి-6. కామా ఉన్నచోట కొత్త స్వరం లేదు, ముందుది సాగుతుంది. ఒక్కో అక్షరానికి రెండు వరుసలు కాబట్టి స్వరాలన్నీ సరిసంఖ్య వరుసల్లోనే పడతాయి: గ 0లో, ప 4లో, ధ 6లో, అలా. ఎనిమిది గుంపులూ వేసేసరికి ప్యాటర్న్ నిండుతుంది. ఇది నా వరస. మీకు ఇంకోటి తోస్తే అదే వేయండి, కానీ ప్రతి వరస చివరా ఆ రెండు కామాలు మాత్రం ఉంచండి. పాట ఊపిరి తీసుకునే చోటు అది.

జారు

నా మొదటి పాటను మా పిన్నికి వినిపించాను. ఆవిడ విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడిగా మొదలైన కళాశాల అది. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పిన చోటు. పిన్ని కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "స్వరాలన్నీ ఉన్నాయి రా, కానీ ఒక్కో మెట్టూ ఎక్కి నిలబడి మళ్ళీ ఎక్కుతోంది. ఎక్కడా జారడం లేదేం?" అంది. ఆ మాటే ఈ మెట్టుకు పునాది.

చిప్‌లో స్వరస్థానం 0 నుంచి 2047 దాకా ఒక అంకె. ట్రాకర్ ఆ అంకెల్లోంచి పన్నెండు స్వరస్థానాలకు దగ్గరగా ఉన్నవి ఏరి మనకు ఇస్తుంది. మధ్యలో ఉన్నవన్నీ కూడా పలుకుతాయి. వాటిమీదుగా జారడానికి 3 అనే ఎఫెక్ట్ ఉంది. స్వరం పక్కన 3, దాని తర్వాత రెండంకెల వేగం రాస్తే, ముందున్న స్వరం నుంచి ఈ స్వరానికి జారుకుంటూ వస్తుంది. కొత్తగా మీటదు. బొబ్బిలి వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగినప్పుడు, మీటు ఒక్కటే, స్వరం మాత్రం పైకి పాకుతుంది చూడండి, అలాంటి పని.

ఇప్పుడు అసలు కిటుకు. సి-5 నుంచి మొదలయ్యే స్థాయిలో గ నుంచి ప దాకా సుమారు 64 అంకెల దూరం. వేగం 08 ఇస్తే టిక్‌కి ఎనిమిది అంకెలు జరుగుతాయి, సుమారు రెండు వరుసల్లో ప చేరుతుంది. అదే గ నుంచి ప ఒక స్థాయి పైన అయితే దూరం 32 అంకెలే. అక్కడ కూడా 08 ఇస్తే జారు కాస్తా దూకుడు అయిపోతుంది. పై స్థాయిలో 04 వేయాలి. స్థాయి పెరిగినకొద్దీ వేగం సగం చేయండి, ఒకే రకం జారు వినిపిస్తుంది. ఇది తెలియక నేను నెలలపాటు పై స్థాయిలో గమకాలే, అంటే స్వరాన్ని జార్చడం, ఊపడం లాంటివే, వేయలేదు. స్వరం చేరేదాకా ప్రతి వరుసలోనూ 3 గుర్తు రాస్తూ పోవాలని కూడా మర్చిపోకండి. ఒక వరుసలో ఆపేస్తే దారి మధ్యలోనే నిలబడిపోతుంది.

మరీ పైకి వెళితే అంకెలు చాలవు. సి-8 దగ్గర పక్కపక్క అంకెల మధ్యే 34 హెర్ట్జ్ తేడా ఉంటుంది. అక్కడ శ్రుతి కూడా కాస్త తప్పుతుంది, జారితే మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. గమకాలన్నీ ఐదు, ఆరు స్థాయిల్లో ఉంచుకోండి.

మన వరసలో ఎక్కడ జారాలి? అన్నిచోట్లా కాదు. మొదటి గ నుంచి ప, రెండో వరసలో ధ నుంచి పై స, చివర్లో ధ నుంచి ప. ఈ మూడే. మూడో గుంపులో రి గ రి ని మాత్రం గట్టిగా, విడివిడిగా మీటండి. జారేవి జారినట్టు తెలియాలంటే పక్కన నిలబడేవి కూడా ఉండాలి. 4 అనే ఎఫెక్ట్ స్వరాన్ని వణికిస్తుంది. మొదటి వరస చివర సాగదీసిన స మీద కొంచెం వేయవచ్చు. కానీ దాన్ని కంపితం (స్వరాన్ని ఊపే గమకం) అనుకుని ప్రతి స్వరానికీ వేయకండి. గడియారం కొట్టినట్టు ఒకే తీరున వణుకుతుంది, అది గమకం కాదు.

కింద నుంచి మోసేది

వేవ్ చానెల్‌లో రెండు ఆకారాలు గీయండి. మొదటిది కొండ: 0 నుంచి 15 దాకా ఒక్కో మెట్టు ఎక్కి, మళ్ళీ 15 నుంచి 0 దాకా దిగండి. సరిగ్గా 32 చుక్కలు. మెత్తగా ఉంటుంది. రెండోది రంపం: 15, 15, 14, 14 అంటూ రెండేసి చొప్పున 0 దాకా దిగండి. ఇది గరుకుగా ఉంటుంది.

ఇయర్‌ఫోన్లలో కొండే బాగుంటుంది. గేమ్ బాయ్ చిన్న స్పీకర్‌లోనో ఫోన్‌లోనో వింటే మాత్రం మాయమైపోతుంది. ఆ స్పీకర్లు కింది శబ్దాన్ని పలకలేవు. రంపంలో మూల స్వరంతోపాటు పై స్వరాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి, కిందిది వినిపించకపోయినా చెవి దాన్ని ఊహించుకుంటుంది. మీ పాట ఎవరు దేనిమీద వింటారో చెప్పలేం, అందుకని రంపం వైపే మొగ్గండి.

ఇంకో సంగతి. వేవ్ చానెల్‌లో అదే పేరున్న స్వరం పల్స్‌కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. ఇక్కడ సి-5 వేస్తే 130 హెర్ట్జ్ వస్తుంది. మనకు కావలసింది అదే. శబ్దం ఎత్తు కూడా ఇందులో నాలుగే రకాలు: పూర్తి, సగం, పావు, మౌనం. మెల్లగా ఆరిపోవడం దానంతట అది జరగదు. కావాలంటే రెండు వరుసల తర్వాత సగం, ఇంకో రెండు వరుసల తర్వాత పావు అని మీరే సి ఎఫెక్ట్‌తో దించాలి.

12 వరుసలకు ఒకసారి, మొదటి వరుసలో, ఒక స్వరం వేసి 2 ఎఫెక్ట్‌తో వేగంగా కిందికి పడేయండి. రెండు వరుసల్లో మౌనం చేయండి. డప్పు మీద పెద్ద దెబ్బలా 'దుమ్' అంటుంది. నాయిస్‌లో పెద్ద దెబ్బ కూడా అదే వరుసలో ఉంది కాబట్టి, రేకు మోత పైన, ఈ 'దుమ్' కింద కలిసి ఒకే చేతి దెబ్బ అవుతాయి. 6లో స, 10లో ప వేయండి. ఇంతకంటే ఎక్కువ స్వరాలు ఈ చానెల్‌కి ఇవ్వకండి.

రెండో పల్స్ చానెల్

చాలామంది ఇక్కడ 0 ఎఫెక్ట్ వాడతారు. 0 పక్కన 4, 7 రాస్తే స, గ, ప మూడూ టిక్‌కి ఒకటి చొప్పున గిరగిర తిరుగుతాయి, ఒకే చానెల్‌లో మూడు స్వరాలు కలిసి మోగుతున్న భ్రమ కలుగుతుంది. చిప్ పాట అనగానే అందరికీ గుర్తొచ్చే బుడగల చప్పుడు అదే. వాడండి, కానీ చివరి భాగానికి దాచండి. మొదటినుంచీ వేస్తే మోహనం కాస్తా ఆటల కొట్టు అయిపోతుంది.

నేను వేసేది ప్రతిధ్వని. మొదటి చానెల్ వరసనే నకలు చేసి, మూడు వరుసలు కిందికి జరపండి. డ్యూటీ 12.5%, ఎన్వలప్ మొదలు 4. మూడే ఎందుకంటే, మన స్వరాలన్నీ సరిసంఖ్య వరుసల్లో ఉన్నాయి. మూడు జరిపితే ప్రతిధ్వని అంతా బేసి వరుసల్లో, స్వరాల సందుల్లో పడుతుంది. ఎవరిమీదా పడదు. జరిపినప్పుడు చివరి మూడు వరుసలు ప్యాటర్న్ బయటికి పోతాయి. వాటిని తర్వాతి ప్యాటర్న్ మొదట్లో పెట్టండి, లేకపోతే నాలుగు సెకన్లకోసారి ఒక చిన్న గొయ్యి వినిపిస్తుంది.

ఇక్కడే 8 ఎఫెక్ట్‌తో పాటను ఒక చెవికి, ప్రతిధ్వనిని రెండో చెవికి పంపవచ్చు. మధ్యస్థంగా కొంచెం ఇటు కొంచెం అటు అన్నది లేదు: ఎడమ, కుడి, లేదా రెండూ. గేమ్ బాయ్ స్పీకర్ ఒకటే కాబట్టి ఈ తేడా ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకే. పాటను రెండు చెవులకూ ఉంచి, ప్రతిధ్వనిని మాత్రం ఒక పక్కకు పంపడం నాకు నచ్చిన పద్ధతి.

వరస పేర్చడం

16 ప్యాటర్న్‌లు ఉంటే నిమిషం. మొదటి రెండు తప్పెట ఒక్కటే. ఊరి చివర మేళం మొదలైనప్పుడు ముందు అదే కదా వినిపించేది. తర్వాత నాలుగు తప్పెట, పల్లవి. ఆపైన నాలుగింట్లో కింద వేవ్, పక్కన ప్రతిధ్వని చేరతాయి. తర్వాత రెండింట్లో నాయిస్, వేవ్ రెండూ ఆపేయండి. పాట, ప్రతిధ్వని మాత్రమే. చివరి నాలుగింటికీ వేగం 4 చేసి అన్నీ కలిపి వదలండి. దాచిపెట్టిన 0 ఎఫెక్ట్ ఇక్కడ బయటికి తీయండి. పాట చివరికి వచ్చి మళ్ళీ మొదటికి తిరిగినప్పుడు వేగం 4 గానే ఉండిపోతుంది. అందుకని మొట్టమొదటి వరుసలో ఎఫ్ పక్కన 05 రాసి పెట్టండి.

టెట్రిస్ గేమ్ బాయ్‌లో మోగి లోకమంతా తెలిసిన వరస రష్యన్ జానపదం. ఆ చిప్ మీద జానపదం నిలబడుతుందని 1989లోనే రుజువైంది. మన తప్పెట అక్కడికి చేరడానికి అడ్డేమీ లేదు.

వినడం, దాచుకోవడం

పాటను డాట్ జీబీ ఫైల్‌గా ఎగుమతి చేసి సేమ్‌బాయ్ లాంటి ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లో గేమ్ బాయ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, వినండి. నిజమైన పరికరానికి బాగా దగ్గరగా పలుకుతుంది. తర్వాత ఫోన్ స్పీకర్‌లో, తర్వాత బస్సులో ఇయర్‌ఫోన్లతో. బస్సులో గజ్జె వినిపించలేదంటే దాని మొదలు 5 నుంచి 6 చేయండి, అంతకుమించి వద్దు. గేమ్ బాయ్ ఉన్నవాళ్ళు ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లో (మన ఫైళ్ళు ఎక్కించుకోగల ఆట డబ్బీ) ఎక్కించుకోవచ్చు. రికార్డు చేయాలంటే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి కంప్యూటర్‌కి కలపండి, స్పీకర్ ముందు ఫోన్ పెట్టకండి.

కార్ట్రిడ్జ్‌లోనే పాట కట్టేవాళ్ళకు ఒక్క హెచ్చరిక. చాలావాటిలో మీ పాట నిలిచేది లోపలున్న చిన్న గుండ్రటి సెల్ బలం మీద. అది అయిపోతే పాట పోయినట్టే. దీపం దగ్గర కట్టిన నా తుఫాను పాట అలాగే పోయింది. దాని పల్లవి మాత్రం నోటికి ఉండిపోయింది, పైన మీకు ఇచ్చింది అదే. వారానికోసారి కంప్యూటర్‌లోకి తీసి దాచుకోండి.

చివరి పరీక్షకు పాటను తాళం తెలిసిన మనిషికి వినిపించండి. నేను మా పక్క పల్లెలో ఒకప్పుడు తప్పెటగుళ్ళు ఆడిన తాతకు వినిపించాను. "ఏటి బాబూ, ఇంత డబ్బాలో తప్పెటుందా?" అంటూ చెవికి ఆనించుకున్నాడు. రెండుసార్లు విన్నాడు. "తప్పెట బాగానే మోగతంది. గజ్జి మాత్రం గీత గీసినట్టు పడతంది. అడుగు పడినాక గదా గజ్జి పలికేది!" అన్నాడు.

ఇంటికొచ్చి గజ్జె ఉన్న ప్రతి వరుసలోనూ 7 ఎఫెక్ట్ పెట్టాను. అది స్వరాన్ని కొన్ని టిక్‌లు ఆలస్యంగా పలికిస్తుంది. 4వ వరుసలో 01, 10వ వరుసలో 02. ఒక టిక్ అంటే సెకనులో అరవయ్యో వంతు. మీరు కూడా అక్కడినుంచి మొదలుపెట్టి, వేగం 4కి మారిన చివరి నాలుగు ప్యాటర్న్‌లలో రెండుచోట్లా 01 చేయండి.